విడిచిపోవు హక్కు – నిలిచి యడుగు హక్కు

కరారు కుదుర్చుకొనునపుడు మనవారు చూపు జాగ్రత్త కరారు విడుచునపుడు చూపుట లేదు. ఇల్లు అద్దెకు దిగవలసి వచ్చిన నలుగురు పెద్దలను వెంటబెట్టుకొని పోవుదురు. సాంచాలు కొనవలసి వచ్చిన ఒక్కొక్కదానిని నడిపించి చూతురు. బయానా ఇచ్చునపుడు నోట్లను రెండు మారులు లెక్కింతురు. కాని సేవ చెడి, ఇచ్చిన మాట తప్పి, ఇక ఈ సంబంధము వలదని తోచిన నాడు మాత్రము నాలుగు కఠినమైన మాటలాడి ఇంటికి వచ్చి, సొమ్ము కట్టుట మానుకొందురు. అవతలి పక్షము మరుసటి నెల బిల్లు పంపును. ఆ పై నెల దానిపై వడ్డీ చేర్చి పంపును. తుదకు వకీలు నోటీసు పంపును. అప్పటికి న్యాయము మన పక్షమున నున్నను కాగితము వారి పక్షమున నుండును. విచారణ చేయు అధికారి చూచునది కాగితమునే గాని మన కడుపులోని బాధను కాదు.

భివండీలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ విషయము చిన్నది కాదు. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరు ప్రాంతములనుండి మగ్గమును నమ్ముకొని వచ్చిన మన పెద్దలు నోటిమాటపై బ్రదికిరి. సేఠు మాటయే పత్రము. నలుగురి సాక్ష్యమే రసీదు. ఆ కాలము గడచినది. నేడు పద్మనగరులో గాని కామత్‌ఘరులో గాని నివసించు ఒక సామాన్య గృహస్థు ఏకకాలమున ఎన్ని కరారులలో నున్నాడో లెక్కించి చూడుడు. విద్యుత్తు, ఫోను, ఇంటర్నెట్టు, వంటగ్యాసు, బీమా, పిల్లల కోచింగు క్లాసు, వాయిదాల మీద కొన్న ఫ్లాటు — ఇవియన్నియు కరారులే. వీనిలో ఏ యొక్కదానియందైనను సేవ చెడినపుడు ఏమి చేయవలయునన్నదే ప్రశ్న. మా సమాధానము రెండు మాటలలో చెప్పవచ్చును. విడిచిపోవుటకు వీలున్న చోట విధిప్రకారము వ్రాసి విడువవలయును. విడిచిపోవుటకు వీలులేని చోట నిలిచి, వ్రాసి, అడుగవలయును. రెంటికిని చట్టము త్రోవ చూపియే యున్నది. ఆ త్రోవను నడచువారే తక్కువగా నున్నారు.

ఈ దేశమున కరారులకు మూలమైనది 1872 నాటి భారత ఒప్పందముల చట్టము. నూట యేబది యేండ్లు దాటినను అది నేటికిని అమలులో నున్నది. అందలి 39వ సెక్షను మన ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పుచున్నది. ఒక పక్షము తానొప్పుకొన్న పనిని నెరవేర్చుటకు నిరాకరించినను, నెరవేర్చలేని స్థితికి తనను తానే తెచ్చుకొన్నను, రెండవ పక్షము ఆ కరారును అంతము చేయవచ్చును. అయితే ఒక మినహాయింపు కలదు. కరారు కొనసాగుటకు మాటచేత గాని నడవడిచేత గాని రెండవ పక్షము సమ్మతి తెలిపియుండరాదు. పాఠకులు ఈ మినహాయింపును మనసునందుంచుకొనవలయును. సేవ చెడిన పిమ్మటను ఎట్టి ఆక్షేపణయు వ్రాయక నెల తరువాత నెల సొమ్ము కట్టుచు పోయినవాడు, తన మౌనముచేతనే ఒప్పుకొన్నట్లు అవతలివారు వాదించుటకు చోటిచ్చుచున్నాడు. ప్రతి చిన్న లోపమును కరారు తెంచుటకు కారణము కాజాలదన్న సంగతియు తెలిసియుండవలయును. లోపము కరారు యొక్క సారమునకే తగిలియుండవలయును. ఒక దినము ఇంటర్నెట్టు ఆగుట వేరు; నెలలో పది దినములు ఆగి, ఎన్ని ఫిర్యాదులు చేసినను బాగుచేయువారు రాకుండుట వేరు.

అదే చట్టమున మరి మూడు సెక్షనులు మనకు పనికివచ్చును. కరారు రద్దును, ప్రతిపాదన తెలియజేయు రీతిగనే, అవతలివారికి తెలియజేయవలయునని 66వ సెక్షను చెప్పుచున్నది. మనసులో రద్దు చేసికొనిన చాలదు. న్యాయముగా కరారు రద్దు చేసినవానికి, అవతలివారు పని నెరవేర్చకపోవుటచేత కలిగిన నష్టమునకు పరిహారము పొందు హక్కు కలదని 75వ సెక్షను చెప్పుచున్నది. కరారులో ఎంత పెద్ద జుల్మానా వ్రాసియున్నను, ఆ మొత్తమునకు లోబడి సబబైన పరిహారము మాత్రమే రాబట్టుకొనవచ్చునని 74వ సెక్షను కట్టుబాటు చేయుచున్నది. “మధ్యలో మానినచో డిపాజిట్టు అంతయు పోవును” అని చిన్న అక్షరములతో అచ్చువేసిన వాక్యము బ్రహ్మవ్రాత కాదని దీని తాత్పర్యము.

కాని సివిలు కోర్టుకు పోయి ఈ హక్కులను సాధించుట సామాన్యులకు సాధ్యమా యని పూర్వము అందరును అడిగెడివారు. ఆ ప్రశ్నకు జవాబుగనే 1986 డిసెంబరు 24న వినియోగదారుల రక్షణ చట్టమునకు రాష్ట్రపతి యామోదము లభించినది. దాని స్థానమున వచ్చిన 2019 నాటి చట్టము 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. సేవలో లోపమనగా నిర్లక్ష్యము మాత్రమే కాదు; వినియోగదారునికి తెలుపవలసిన సమాచారమును ఉద్దేశపూర్వకముగా దాచుటయు లోపమే యని ఈ చట్టము చెప్పుచున్నది. అంతకు మించి ‘అన్యాయపు ఒప్పందము’ అను క్రొత్త భావమును ఇది ప్రవేశపెట్టినది. ఎక్కువ డిపాజిట్టు అడుగుట, కలిగిన నష్టముతో పొంతనలేని జుల్మానా విధించుట, తగిన రుసుము కట్టి ముందుగా అప్పు తీర్చెదమన్నను ఒప్పుకొనకుండుట, సరియైన కారణము లేకయే ఒక పక్షము మాత్రము కరారును తెంపుకొను హక్కు నుంచుకొనుట మొదలగునవి యందు చేరినవి. ఇట్టి షరతులను చెల్లవని ప్రకటించు అధికారము రాష్ట్ర కమిషనుకును జాతీయ కమిషనుకును కలదు. మామూలు లోపములను గూర్చిన ఫిర్యాదు జిల్లా కమిషనులో చేయవచ్చును.

జిల్లా కమిషనుకు పోవుట కష్టమను భయము మనవారిలో కలదు. ఆ భయమునకు కారణము లేదు. చెల్లించిన ప్రతిఫలము 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. ఫిర్యాదీ నివసించు చోటనో పనిచేయు చోటనో గల కమిషనులో దాఖలు చేయవచ్చును. కంపెనీ కార్యాలయము ఢిల్లీలో నున్నను భివండీ వాసి ఠాణే జిల్లా కమిషనుకే పోవచ్చును. వకీలు లేకయే స్వయముగా వాదించుకొనవచ్చును. కారణము పుట్టిన నాటినుండి రెండేండ్లలోగా ఫిర్యాదు చేయవలయునన్నది మాత్రము మరువరాదు. అంతకుముందే సలహా కోరువారికి 1915 అను జాతీయ సహాయ నంబరు కలదు. అందు తెలుగులోను మాట్లాడవచ్చును.

ఇక్కడ మన వృత్తికి సంబంధించిన చిక్కు ఒకటి కలదు. వాణిజ్యము కొరకు కొన్నవాడు ఈ చట్టము దృష్టిలో వినియోగదారుడు కాడు. మరి నాలుగు సాంచాలు కొనుక్కొని, తానును తన యింటివారును నడుపుకొను ఆసామి సంగతి యేమి? 1995లో లక్ష్మీ ఇంజనీరింగు వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీనిని విచారించినది. స్వయంఉపాధి చేత జీవనము గడుపుకొనుటకే యంత్రము కొని తాను వాడుకొనువాడు వినియోగదారుడే యనియు, యంత్రమును పూర్తిగా ఇతరులచేత నడిపించి లాభము గడించువాడు కాడనియు తేల్చినది. 2019 చట్టమును, కొన్న వస్తువుల విషయమున, ఈ మినహాయింపును నిలుపుకొన్నది. కావున చెడిపోయిన సాంచా అంటగట్టబడిన చిన్న ఆసామి “నేను వ్యాపారిని గదా” యని వెనుదీయనక్కరలేదు. ఏబది సాంచాల కార్ఖానాదారు మాత్రము వేరు త్రోవ చూచుకొనవలయును.

విడిచిపోవుటకు వీలున్న కరారులలో ఫోను సులభమైన ఉదాహరణ. ఒకప్పుడు సేవ ఎంత చెడినను నంబరు పోవునను భయముచేత జనులు ఓర్చుకొనిరి. ఆ భయమే కంపెనీలకు బలమైనది. 2011 జనవరి 20 నుండి దేశమంతటను నంబరు మార్చుకొనకయే కంపెనీ మార్చుకొను వీలు కల్పింపబడినది. 1900 అను నంబరుకు ఒక సందేశము పంపుటతో ఆ పని మొదలగును. దీనినుండి నేర్చుకొనవలసిన పాఠము కలదు: వినియోగదారుని గౌరవించునట్లు చేయునది కంపెనీ దయ కాదు, అతడు విడిచిపోగలడను ఎరుక. కోచింగు క్లాసుల విషయమునను 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకములు ప్రకటించినది. పూర్తి రుసుము కట్టిన విద్యార్థి మధ్యలో మానినచో మిగిలిన కాలమునకు చెందిన సొమ్మును 10 దినములలో తిరిగి ఈయవలయునని యందు కలదు. రాష్ట్రములు అమలుపరుపవలసిన మార్గదర్శకములే యైనను, ఫిర్యాదులో పేర్కొనుటకు అవి పనికివచ్చును.

ఫ్లాటు విషయము ఇంతకంటె బరువైనది. ఏండ్ల కొలది కూడబెట్టిన సొమ్ము, కొన్నిచోట్ల ఊరిలోని పొలము అమ్మిన సొమ్ము, అందు చేరియుండును. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టమును కొనుగోలుదారులందరును తెలిసికొనవలయును. 13వ సెక్షను ప్రకారము, విక్రయపు కరారు వ్రాసి రిజిస్టరు చేయక మునుపు బిల్డరు వెలలో నూటికి 10 పాళ్లకు మించి పుచ్చుకొనరాదు. 18వ సెక్షను ప్రకారము, కరారులోని తేదీకి ఇల్లు అప్పగించలేనపుడు కొన్నవాడు ఒప్పందమునుండి వైదొలగి, కట్టిన సొమ్మును వడ్డీతో తిరిగి కోరవచ్చును. వైదొలగుట ఇష్టము లేనిచో అప్పగించువరకు నెలనెల వడ్డీ కోరవచ్చును. ఎంచుకొను హక్కు కొన్నవానిదే గాని బిల్డరుది కాదు. 2019 ఏప్రిల్ 2న పయొనీరు అర్బన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటయు స్మరణీయమైనది. కొన్నవాడు ఆలస్యము చేసిన నూటికి 18 వంతున వడ్డీ గుంజుచు, తాను ఆలస్యము చేసిన 9 వంతున మాత్రమే ఇచ్చెదనన్న బిల్డరు కరారును అది ఏకపక్షమని తలచి, గీత మీద సంతకము చేసినంత మాత్రమున కొన్నవాడు అట్టి షరతులకు కట్టుబడనక్కరలేదని నిర్ణయించినది. అయినను ఈ చట్టములన్నియు నమోదైన కట్టడమున కొన్నవానికే తేలికగా అక్కరకు వచ్చును. బయానా ఇచ్చుటకు ముందు నమోదు సంఖ్య అడుగుట తరువాత పదేండ్లు తిరుగుటకంటె మేలు.

ఇంతవరకు చెప్పినవి విడువదగిన కరారులు. మన పట్టణపు ప్రాణమైన విద్యుత్తు మాటయో? సాంచాలున్న చోట విద్యుత్తు ఒక సౌకర్యము కాదు, అది కూలియే. ఒక గంట కరెంటు పోయిన ఒక గంట గుడ్డ పోవును, గుడ్డ పోయిన కూలి పోవును. ఈ సేవ నచ్చనిచో విడిచి వేరొకరియొద్దకు పోదమన్న చిన్న వినియోగదారునకు వేరొక తీగ లేదు. ఇచ్చటికి దూరము కాని ముంబయి ఉపనగరములలో పరిస్థితి వేరు. 2008 జూలైలో సుప్రీంకోర్టు తీర్పును, 2009 అక్టోబరులో మహారాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషను ఉత్తర్వును అనుసరించి, అచ్చటి గృహస్థులు పాత తీగ మీదనే ఒక కంపెనీనుండి మరియొక కంపెనీకి మారుటకు వీలు కలిగినది. ఒకే ప్రాంతమున రెండు లైసెన్సులుండుటయే అందుకు కారణము. భివండీ చిన్న షెడ్డుకు అట్టి ఎంపిక లేకుండుటచేతనే విద్యుత్ వ్యవహారమున రెండవ హక్కు, అనగా నిలిచి యడుగు హక్కు, మనకు ముఖ్యమగుచున్నది.

ఇచ్చటి ఏర్పాటు ఎట్టిదో మొదట తెలిసికొనవలయును. 2007 జనవరి 26 నుండి భివండీలో విద్యుత్ పంపిణీని రాష్ట్ర సంస్థయైన మహావితరణ తరఫున టొరెంట్ పవర్ కంపెనీ ఫ్రాంచైజీగా నడుపుచున్నది. దేశములో ఈ తరహా ఏర్పాటులకు ఇదియే తొలి ఉదాహరణముగా పేరొందినది. అంతకుముందు ఇచ్చటికి పంపిన విద్యుత్తులో సగమునకు పైగా సొమ్ముగా తిరిగి రాకుండెను. పిమ్మట ఆ నష్టము చాలవరకు తగ్గినది. మరియొక వైపున బిల్లులను గూర్చియు మీటర్లను గూర్చియు జనుల ఫిర్యాదులు వినబడుచునే వచ్చినవి. ఏ పక్షము ఎంత సరియో తేల్చుట మా యుద్దేశము కాదు. ఫిర్యాదు గలవాడు దానిని ఎవరిముందు, ఏ రీతిగా పెట్టవలయునో చెప్పుటయే మా పని.

2003 నాటి విద్యుత్ చట్టము ప్రకారము ఫ్రాంచైజీకి ప్రత్యేకమైన లైసెన్సు లేదు. అది లైసెన్సుదారు తరఫున పనిచేయునదే. తన ప్రాంతమున పంపిణీకి బాధ్యుడు లైసెన్సుదారుడేయని 14వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. దీని ఫలితము రెండు విధములు. మొదటిది: కంపెనీ కౌంటరునొద్ద న్యాయము దొరకనివాడు మహావితరణ ఏర్పరచిన ఫిర్యాదుల ఫోరమునకు పోవచ్చును. రెండవది: పై కరారు రద్దయినను మన కనెక్షను రద్దు కాదు. ఔరంగాబాదులో 2011లో ఆరంభమైన ఫ్రాంచైజీ 2014లోనే తెగిపోయినది. నాగపురమున 2011లో ఆరంభమైనది 2019లో ముగిసి పంపిణీ మరల మహావితరణ చేతికి వచ్చినది. ఆ నగరములలో వినియోగదారులు క్రొత్తగా కనెక్షను కొరకు దరఖాస్తు పెట్టవలసి రాలేదు. “ఫిర్యాదు చేసినచో తీగ కోసివేయుదురేమో, కంపెనీ మారినచో మన డిపాజిట్టు మునుగునేమో” యను భయములకు ఆధారము లేదని ఈ ఉదాహరణములవలన తెలియుచున్నది.

42వ సెక్షను క్రింద ఏర్పడిన ఫోరము తలుపు గృహస్థునకును కార్ఖానాదారునకును సమానముగా తెరచియుండును. ఇది గమనింపదగినది. విద్యుత్ చట్టము దృష్టిలో విద్యుత్తు సరఫరా పొందు ప్రతివాడును వినియోగదారుడే. వాణిజ్యమా జీవనమా యను తర్కము అచ్చట లేదు. కారణము పుట్టిన రెండేండ్లలోగా ఫోరమునకు పోవలయును. ఫోరము నిర్ణయము నచ్చనిచో 60 దినములలోగా విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు మనవి చేసికొనవచ్చును. ఆ కార్యాలయము ముంబయిలో కలదు. సేవకు నియమించిన ప్రమాణములు తప్పినపుడు బాధితునకు పరిహారము ఈయవలయునని 57వ సెక్షను చెప్పుచున్నది. చెడిన మీటరు మార్చుటకు, పోయిన కరెంటు పునరుద్ధరించుటకు, బిల్లు ఫిర్యాదు తీర్చుటకు ఎంత కాలమో, ఆ కాలము మీరిన ఎంత పరిహారమో నియంత్రణ కమిషను 2021 నాటి నియమావళిలో నిర్ణయించినది. ఈ పరిహారమును అడిగి పుచ్చుకొన్న కుటుంబములు మన పేటలలో ఎన్ని?

బిల్లు తప్పని తోచినపుడు కట్టుట మానివేయుట మనవారి అలవాటు. అది ప్రమాదకరము. 56వ సెక్షను ప్రకారము, బాకీ పడినవానికి 15 పూర్తి దినముల వ్రాతపూర్వకమైన నోటీసు ఇచ్చి సరఫరా ఆపు అధికారము లైసెన్సుదారునకు కలదు. కాని అదే సెక్షనులో రక్షణయు కలదు. అడిగిన మొత్తమును గాని, గడచిన ఆరు నెలల సగటును గాని, రెంటిలో ఏది తక్కువయో దానిని ఆక్షేపణతో చెల్లించినచో, వివాదము తీరువరకు సరఫరా ఆపరాదు. “ఆక్షేపణతో చెల్లించుచున్నాను” అను రెండు మాటలు వ్రాసి ఇచ్చుటకు, వ్రాయక కట్టుటకును నడుమ ఎంతో అంతరము కలదు. మొదటిది హక్కును నిలుపుకొనుట. రెండవది బిల్లును ఒప్పుకొనుట. అయితే దొంగతనముగా విద్యుత్తు వాడినవారికి ఈ త్రోవ లేదు. అనధికార వాడుక మీద వేసిన అంచనాలును దొంగతనపు నేరములును వినియోగదారుల కమిషనులలో విచారింపరాదని 2013లో అనీస్ అహ్మద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చినది. హక్కు అడుగువాని చేయి శుభ్రముగా నుండవలయును.

విద్యుత్ కరారును నిజముగా ముగింపవలసిన సందర్భమును కలదు. సాంచాలు అమ్మి షెడ్డు మూసివేసినవారు, ఊరికి మరలిపోయినవారు, కార్ఖానాను ఇతరులకు అమ్మినవారు మనలో ననేకులు. మగ్గము ఆగినంత మాత్రమున కనెక్షను ఆగదు. నెలసరి స్థిర ఛార్జీ నడచుచునే యుండును. కావున శాశ్వతముగా తొలగింపుమని వ్రాసి ఇచ్చి, మీటరు తుది రీడింగు తీయించి, ఆఖరి బిల్లు కట్టి, రసీదు పుచ్చుకొనవలయును. పిమ్మట సెక్యూరిటీ డిపాజిట్టును కోరవలయును. డిపాజిట్టు మీద బ్యాంకు రేటుకు తగ్గని వడ్డీయు, కోరినపుడు తిరిగి చెల్లింపును 47వ సెక్షను వాగ్దానము చేయుచున్నది. పాత షెడ్డు కొనువారికిని ఒక హెచ్చరిక. పాత యజమాని బాకీని క్రొత్త యజమానినుండి కోరు నిబంధనలు చెల్లునని 2023 మే నెలలో సుప్రీంకోర్టు కె.సి. నినాన్ కేసులో తీర్పు చెప్పినది. ఆఖరి బిల్లు రసీదు చూడక షెడ్డు కొనుట పరుల అప్పును కొనుటయే కావచ్చును.

నిలిచి యడుగు హక్కునకు ఇంకొక రూపము కలదు. అది మన పుట్టినింటనే యున్నది. సిరిసిల్లలో 1970 ప్రాంతమునుండి సహకార విద్యుత్ సరఫరా సంఘము పనిచేయుచున్నది. అచ్చటి వినియోగదారులు సంఘ సభ్యులు. పాలకవర్గమును తమ ఓటుతో ఎన్నుకొందురు. అచ్చటను తీగ ఒక్కటియే, విడిచిపోవు వీలు లేదు. కాని తీగను విడువలేనివాడు పాలకుని మార్చగలడు. అచ్చట లోపములు లేవని మేము చెప్పుట లేదు. వినియోగదారుడు బిల్లు కట్టువాడు మాత్రమే కాక మాట చెల్లువాడును కావచ్చుననుటకు అది సాక్ష్యము. భివండీ ఫ్రాంచైజీ కరారు మొదటి పదేండ్లు ముగిసిన పిమ్మట 2017లో మరి పదేండ్లకు పొడిగింపబడినది. ఆ గడువు 2027 జనవరి నాటిది. ఇట్టి కరారులు కుదురునపుడు గాని మారునపుడు గాని వినియోగదారులు సంఘములుగా తమ అనుభవములను కాగితముపై పెట్టి నియంత్రణ కమిషనుకును మహావితరణకును సమర్పించుట న్యాయమైన పని. ఊరేగింపు ఒక దినము వినబడును. లెక్కలతో కూడిన వినతిపత్రము దస్తరములో నిలుచును.

“మాకు మరాఠీలో వ్రాయుట రాదు, ఇంగ్లీషు అసలే రాదు” అని మన పెద్దలు, ముఖ్యముగా స్త్రీలు, వెనుకాడుచున్నారు. భాషాల్పసంఖ్యాకుల సంఘముగా మేము ఈ మాటకు సమాధానము చెప్పవలసియున్నది. భారత రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము, కేంద్రమున గాని రాష్ట్రమున గాని వాడుకలో నున్న ఏ భాషలోనైనను, తన కష్టమును తీర్చుమని కేంద్రపు లేక రాష్ట్రపు ఏ యధికారికైనను మనవి చేసికొను హక్కు ప్రతి వ్యక్తికిని కలదు. తెలుగులో వ్రాసిన అర్జీ అర్జీయే. సమాధానము తెలుగులోనే రావలయునని ఆ అధికరణము చెప్పలేదు గావున, మరాఠీ ప్రతి యొకటి జతపరచుట వివేకము. మన పిల్లలు మరాఠీ బడులలో చదివి ఆ భాషను మాతృభాషవలె వ్రాయుచున్నారు. తాతకు తెలిసినది తెలుగులో చెప్పగా మనుమరాలు మరాఠీలో వ్రాసిన ఆ ఇల్లు ఎవరికిని లోకువ కాదు.

ఆచరణకు వత్తము. సేవ చెడిన నాడే తేదీ, వేళ ఒక పుస్తకమున వ్రాసికొనవలయును. ఫోనులో ఫిర్యాదు చేసిన ఫిర్యాదు సంఖ్య అడుగవలయును. రెండవ మారు వ్రాతమూలముగా ఫిర్యాదిచ్చి, తమ ప్రతిపై ముద్ర వేయించుకొనవలయును. సరిచేయుటకు తగిన గడువిచ్చి, ఆ గడువులోగా చేయనిచో కరారును అంతము చేయుదుమనియు, ఇంత సొమ్ము తిరిగి రావలయుననియు స్పీడు పోస్టులో తెలుపవలయును. తాము బాకీ యున్నది యుండినచో దానిని చెల్లించివేయవలయును. అవతలివారి వస్తువులు తమ యొద్ద నున్నచో అప్పగించి రసీదు పొందవలయును. ఇన్ని చేసిన పిమ్మటను న్యాయము దొరకనిచో కమిషనుకు గాని ఫోరమునకు గాని పోవలయును. అప్పుడు కాగితము మన పక్షమున నుండును.

ముంబయిలో 1975లో స్థాపింపబడిన గ్రాహక పంచాయతు సామాన్య గృహస్థుల కూడికయే. పెద్ద ధనికులెవ్వరును దానిని కట్టలేదు. అట్టి పని మన సంఘమునకును అందనిది కాదు. వారమునకు ఒక సాయంకాలము చదువుకొన్న యువకులు ఇద్దరు కూర్చుండి, వచ్చినవారికి ఫిర్యాదులు వ్రాసిపెట్టుట, దాఖలు చేసినవాని లెక్క ఉంచుట — ఇంతకంటె గొప్ప సంఘసేవను మేము ఊహింపజాలము. ఒక్క యింటి ఫిర్యాదు ఒక్కటిగా కనబడును. ఒకే ఫీడరు మీది నూరిండ్ల ఫిర్యాదులు తేదీలతో ఒక్కచోట చేరినపుడు అవి సాక్ష్యమగును.

అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదందురు. చట్టమును అట్టిదే, వ్రాసి యడుగనిదే అది కదలదు. మన పెద్దలు ఈ పట్టణమునకు నూలుపోగు పట్టుకొని వచ్చి, తెగిన పోగును ముడివేయు నేర్పుతో ఇన్ని తరములు నిలిచిరి. ఏ పోగును ముడివేయవలయునో, ఏ పోగును కత్తిరింపవలయునో నేతవానికి ఒకరు చెప్పనక్కరలేదు. కరారుల విషయమునను ఆ నేర్పునే చూపవలయునని మా పాఠకులను కోరుచున్నాము. ఈ వారము ప్రతి ఇంటను ఒక సంచి కుట్టి, అందు కరెంటు బిల్లులు, డిపాజిట్టు రసీదులు, ఫ్లాటు కరారు, క్లాసు రసీదులు ఒకచోట చేర్చిపెట్టుడు.